మాగాణి మినుముకు పేనుబంక బెడద: మందు కొట్టే ముందు ఆకు తిప్పి చూడాలి

మచిలీపట్నం, గుడివాడ, అవనిగడ్డ: జనవరి ఉదయం గట్టు మీద నిలబడి చూస్తే మినుము చేను నిగనిగలాడుతూ కనిపిస్తుంది. పంట ఏపుగా ఉందని రైతు సంతోషిస్తాడు. లోపలికి నాలుగడుగులు వేస్తే పంచె అంచుకు జిగురు అంటుకుంటుంది. ఆ నిగారింపు మొక్క ఆరోగ్యానికి చిహ్నం కాదు. లేత కొమ్మల కొనల్లో, పూమొగ్గల కాడల్లో గుంపులుగా చేరిన పేనుబంక విసర్జించిన తీపి జిగురు ఆకులపై రాలి, మంచుకు తడిసి మెరుస్తూ ఉంటుంది. మధ్యాహ్నానికి ఆ మెరుపు పోతుంది. పదిహేను రోజులు గడిస్తే అదే జిగురుపై మసి వంటి నల్లటి బూజు పెరిగి ఆకులు కమిలినట్లవుతాయి. అప్పుడు గాని చాలామందికి పురుగు సంగతి తెలియదు. తెలిసిన వెంటనే మందుల కొట్టుకు పరుగెత్తడం, అక్కడ ఇచ్చిన రెండు మూడు డబ్బాలను ఒకే ట్యాంకులో కలిపి కొట్టడం ఏటా చూస్తున్నదే. కృష్ణా డెల్టా దిగువన మినుము రైతుకు పేనుబంక వల్ల ఎంత నష్టం జరుగుతున్నదో, దానికి భయపడి అనాలోచితంగా చేస్తున్న పిచికారీల వల్ల కూడా ఇంచుమించు అంత నష్టమూ జరుగుతున్నది.

మంచుకు పండే పంట

బయటి ప్రాంతాల వారికి ఈ సాగు విచిత్రంగా తోస్తుంది. వరి కోతకు రెండు మూడు రోజుల ముందు, నిలిచి ఉన్న పైరులోనే తడి మట్టిపై ఎకరాకు పదహారు కిలోలకు తగ్గకుండా మినుములు వెదజల్లుతారు. దుక్కి లేదు, సాళ్లు లేవు. వరి కోసి పనలు వేస్తే, ఆ పనల సందుల్లోంచి మొలకలు తల ఎత్తుతాయి. పనలు తీసి కుప్ప వేశాక చేను మినుముదవుతుంది. ఆ తర్వాత ఎరువు వేయరు, నీరు పెట్టరు. నేలలో మిగిలిన తేమ, రాత్రి కురిసే మంచు, ఈ రెండింటితోనే డెబ్బయి ఐదు, ఎనభై రోజుల్లో పంట చేతికి వస్తుంది. కోత యంత్రాలు వచ్చాక ఈ పద్ధతి కొంత మారింది. యంత్రం చక్రాల కింద మొలకలు నలిగిపోతున్నాయని కోత అయ్యాకే విత్తనం చల్లుతున్న వారు పెరిగారు. ఆ నాలుగైదు రోజుల ఆలస్యంలో పైమట్టి ఆరిపోతే మొలక పలచబడుతుంది.

ఒకప్పుడు వరి తర్వాత ఈ నేలల్లో పశువుల మేతకు పిల్లిపెసర, జనుము ఎక్కువగా చల్లేవారు. గుంటూరు సమీపంలోని లాం పరిశోధనా స్థానం బూడిద తెగులును తట్టుకునే ఎల్.బి.జి. 17 రకాన్ని రూపొందించాక మాగాణుల్లో మినుము నిలదొక్కుకున్నది. చలికాలంలో ఆకులపై తెల్లటి బూడిద కమ్ముకుని పంట పోయే రోజులు ఆ రకంతో తగ్గాయి. ‘కృష్ణయ్య’ అనే దాని పేరును పాత రైతులు నేటికీ ఆప్యాయంగానే తలుచుకుంటారు.

కౌలు రైతుకు ఈ పంట మరింత ముఖ్యం. చాలా గ్రామాల్లో సార్వా వరి పంటలో సింహభాగం భూస్వామికి కౌలు కింద పోతుంది. అప్పు తీర్చడానికైనా, ఇంట్లో శుభకార్యానికైనా మిగిలేది మినుము డబ్బులే. 2025-26 సంవత్సరానికి కేంద్రం మినుముకు ప్రకటించిన కనీస మద్దతు ధర క్వింటాలుకు 7,800 రూపాయలు. కలిసొచ్చిన ఏడు ఎకరాకు ఐదారు క్వింటాళ్లు రాలుతాయి, కలిసిరాని ఏడు రెండు క్వింటాళ్లు కూడా దక్కవు. ఒక్క పిచికారీకి మందు, కూలి కలిపితే పది కిలోల మినుముల ధరకు తక్కువ కాదు. అవసరం లేకుండా మూడు సార్లు కొట్టిన రైతు, పురుగు తినకుండానే ముప్పయి కిలోలు పోగొట్టుకున్నట్లు లెక్క.

పురుగు తీరు

మన మినుము, పెసర, అలసంద, చిక్కుడు, వేరుశనగలపై కనిపించే పేనుబంకను శాస్త్రజ్ఞులు ‘ఏఫిస్ క్రాక్సివోరా’ అంటారు. ఎదిగిన పురుగు ఆవగింజంత ఉండి నల్లగా మెరుస్తుంది. పిల్లపురుగులు బూడిద రంగులో, మైనపు పొడి చల్లినట్లుంటాయి. సూది వంటి నోటిని లేత కణజాలంలోకి దించి రసం పీల్చడమే వీటి పని. కదలమన్నా కదలవు.

దీని వృద్ధి రైతును కంగారు పెట్టేంత వేగంగా ఉంటుంది. మన వంటి వెచ్చని ప్రాంతాల్లో ఆడ పురుగుకు మగ పురుగుతో పని లేదు. గుడ్లు పెట్టదు, నేరుగా పిల్లలను కంటుంది. వారం పది రోజుల్లో ఆ పిల్లలూ తల్లులవుతాయి. ఒక్కొక్కటి యాభై పిల్లలను కని, అన్నీ బతికాయనుకుంటే మూడు తరాలకు లక్షా పాతిక వేలు. నెల తిరిగేసరికి ఒక్క పురుగు నుంచి ఇంత సంతతి రావచ్చునని కాగితంపై లెక్క చెబుతుంది. చేలో ఆ లెక్క ఎన్నడూ నిజం కాదు. ఎందుకు కాదో తెలుసుకుంటే సగం మందు ఖర్చు తగ్గుతుంది. ఆ సంగతి దిగువన చెప్పుకుందాం.

కొమ్మపై గుంపు మరీ కిక్కిరిసినా, మొక్క ముదిరి రసం తగ్గినా రెక్కల పురుగులు పుడతాయి. అవి గాలివాటున పక్క చేలకు చేరతాయి. ఆలస్యంగా చల్లిన చేలకు ఎక్కువగా పట్టడానికి కారణం ఇదే. చుట్టుపక్కల పంట ముదిరే వేళకు ఆ చేలల్లోనే లేత చిగుళ్లు ఉంటాయి. 2023 డిసెంబర్ 5న బాపట్ల సమీపంలో తీరం దాటిన మిగ్‌జాం తుపాను వంటిది వచ్చి, చల్లిన విత్తనం నీట మునిగి, మళ్లీ చల్లవలసి వస్తే ఊళ్లో చేలన్నీ ఒకే వయసులో ఉండవు. అటువంటి ఏడు పొరుగు చేను వయసు కూడా తెలుసుకుని ఉండాలి.

వాతావరణం పొడిగా, చల్లగా, రెండు మూడు రోజులు మబ్బుపట్టి ఉంటే పేనుబంక విజృంభిస్తుంది. ఒక జల్లు గట్టిగా పడితే చాలావరకు కడుక్కుపోతుంది. ఆకాశం చూసి వాన సూచన ఉందనిపిస్తే ఆ రోజు ట్యాంకు భుజానికెత్తుకోవడం వృథా ప్రయాస.

ఏది ఏ పురుగో

మూడు వేర్వేరు పురుగులను ఒకే గాటన కట్టి ‘బంక’ అనేయడం చేలల్లో తరచు వినిపిస్తుంది. మందు తప్పడానికి ఇదే మొదటి కారణం. పేనుబంక కొమ్మ కొనల్లో, మొగ్గల్లో, పిందె కాడల్లో గుంపుగా ఉంటుంది, కంటికి స్పష్టంగా కనిపిస్తుంది. తెల్లదోమ ఆకుల అడుగున ఉండి, మొక్కను కదిపితే తెల్లటి పొడిలా లేస్తుంది. పల్లాకు తెగులును వ్యాపింపజేసేది ఈ తెల్లదోమే గాని పేనుబంక కాదు. తామర పురుగులు మరీ సన్నం. చిగురును తెల్ల కాగితంపై తట్టితే గాని కనిపించవు. వాటి వల్ల ఆకులు పైకి ముడుచుకుంటాయి. తలమాడు అని మన వారు పిలిచే మొవ్వుకుళ్లు తెగులును అవే మోసుకొస్తాయి.

కాబట్టి చేలో పసుపు మొక్కలు అక్కడక్కడ కనిపిస్తే అది పేనుబంక పని అనుకోరాదు. ఆ మొక్కలను ఎంత త్వరగా పీకి తగులబెడితే అంత మేలు. ఒకసారి పల్లాకు పట్టిన మొక్కను ఏ మందూ బాగుచేయదు. ఎల్.బి.జి. 787, టి.బి.జి. 104, ఘంటసాల పరిశోధనా స్థానం నుంచి వచ్చిన జి.బి.జి. 1 వంటి రకాలు పల్లాకును కొంతవరకు తట్టుకుంటాయి. అయితే పల్లాకును తట్టుకునే రకం పేనుబంకనూ తట్టుకుంటుందనే భరోసా లేదు. ‘కొత్త రకం వేశాం కదా, పురుగు రాదు’ అని జనవరి అంతా చేలోకి దిగని వారు ఉన్నారు.

అక్షింతల పురుగు

కాగితం మీది లక్షా పాతిక వేల లెక్క చేలో నిజం కాకపోవడానికి ప్రధాన కారణం అక్షింతల పురుగు. అర్ధగోళంలా ఉండి, పసుపు లేదా నారింజ రంగు రెక్కలపై నల్లని వంకర గీతలు, చుక్కలు గల ఈ పురుగును చిన్నపిల్లలు కూడా గుర్తుపడతారు. పేరులోనే శుభం ఉన్నందువల్లనో ఏమో పెద్ద పురుగును ఎవరూ చంపరు. చిక్కంతా దాని పిల్లతోనే. అక్షింతల పురుగు పిల్ల పొడవుగా, నల్లగా, ఒంటిపై ముళ్లవంటి బుడిపెలు, నారింజ మచ్చలతో మొసలి ఆకారంలో ఉంటుంది. చూడగానే భయం పుడుతుంది. వాస్తవానికి తల్లి కన్నా పిల్లకే ఆకలి ఎక్కువ. గూడు కట్టుకునే లోపు వందల పేనుబంకలను తినేస్తుంది.

ఈ విలేకరి స్వానుభవం ఒకటి ఇక్కడ చెప్పక తప్పదు. కొన్నేళ్ల క్రితం మా కుటుంబానికి చెందిన ఎకరంన్నర మినుములో, పూత దశలో, కొమ్మ కొనల్లో పేనుబంకతో పాటు ఈ నల్ల పిల్లలు విరివిగా కనిపించాయి. కొత్త పురుగేదో దిగిందనుకుని ఒకటి తీసి సీసాలో వేసి మందుల కొట్టుకు పట్టుకెళ్లడం జరిగింది. కొట్టులోని కుర్రవాడు చూసి, పైరిథ్రాయిడ్ జాతి మందు ఒకటి, మరో మందు ఒకటి కలిపి కొట్టమన్నాడు. కొట్టిన మర్నాడు చేను శుభ్రంగా ఉంది. పన్నెండో రోజుకు పేనుబంక మునుపటి కన్నా ఎక్కువగా వచ్చింది. ఈసారి నల్ల పిల్ల ఒక్కటి కూడా లేదు. రెండోసారి కొట్టాం, ఆ తర్వాత తెల్లదోమ లేచింది, మూడోసారీ కొట్టాం. సీసాలో పట్టుకెళ్లినది మా చేను కాపాడుతున్న పురుగేనని ఒక వ్యవసాయాధికారి చెబితే గాని తెలియలేదు. డిగ్రీ చదివిన వాడి తెలివి ఆ మాత్రమే అని ఇంట్లో ఇప్పటికీ దెప్పుతుంటారు.

అక్షింతల పురుగే కాదు, మరికొన్ని మిత్ర పురుగులూ ఉన్నాయి. తేనెటీగను పోలి పూలపై గాలిలో నిలిచి ఎగిరే సిర్ఫిడ్ ఈగ, దాని కాళ్లులేని పిల్లపురుగు పేనుబంక గుంపుల మధ్యే ఉండి వాటిని పీల్చివేస్తుంది. ఆకుపచ్చని జాలి రెక్కల క్రైసోపా మరొకటి. గుంపులో అక్కడక్కడ ఉబ్బి, గోధుమ రంగుకు తిరిగి, కదలకుండా ఉన్న పేనుబంకలు కనిపిస్తే వాటి లోపల సన్నని పరాన్నజీవి కందిరీగ పిల్ల పెరుగుతున్నదని అర్థం. భూతద్దం అక్కర్లేదు, ఎండలో నిలబడి చూస్తే కనిపిస్తుంది.

చీమలు మాత్రం ఎదుటి పక్షం. తీపి జిగురు కోసం పేనుబంకను కాపలా కాస్తాయి, అక్షింతల పురుగులను తరుముతాయి. మొక్కపైకి చీమలు బారులు తీరాయంటే ఆకు తిప్పి చూడవలసిన సమయం వచ్చిందన్న మాట. ఆ విధంగా చీమ మనకు కబురు మోసే పని కూడా చేస్తున్నది.

ఎన్ని ఉంటే కొట్టాలి

చేలో ఒక మూల నుంచి మరో మూలకు వెళుతూ, దారిలో ఇరవై చోట్ల ఆగి, ఒక్కో చోట ఒక్కో మొక్క కొన చూడడం మంచి పద్ధతి. గట్టు పక్క మొక్కలనే చూసి నిర్ణయానికి రావద్దు. రెక్కల పురుగు ముందు దిగేది గట్టు పక్కనే కాబట్టి అక్కడ ఎప్పుడూ ఎక్కువే ఉంటాయి. రెండున్నర సెంటీమీటర్ల కొమ్మ కొన, అంటే దాదాపు బొటనవేలి కణుపంత పొడవులో ఇరవై పేనుబంకలు ఉంటే ఆర్థిక నష్టం మొదలయ్యే స్థాయిగా పప్పు పంటలకు సిఫారసు ఉన్నది. అంతకు తక్కువ ఉంటే ఆగాలి. అంత ఉండి, నాలుగు కొనలకు ఒక అక్షింతల పురుగో దాని పిల్లో కనిపిస్తున్నా రెండు మూడు రోజులు ఆగి మళ్లీ చూడాలి. సంఖ్య తగ్గుతుంటే మందు అక్కర్లేదు. పెరుగుతుంటే ఇక ఆలస్యం చేయరాదు.

ఇలా లెక్కపెట్టి ఆగడం మన చేలకు మాత్రమే చెప్పే ఉపాయం కాదు. సోయాచిక్కుడును విస్తారంగా పండించే అమెరికాలో 2000 సంవత్సరంలో తొలిసారిగా ఆసియా నుంచి వచ్చిన సోయా పేనుబంక కనిపించింది. రెండు మూడేళ్లలోనే అది మధ్య రాష్ట్రాల సోయా చేలన్నింటా పాకింది. అంతకు ముందు పురుగు మందు దాదాపు అక్కర్లేని పంటకు విమానాలతో పిచికారీ చేయవలసి వచ్చింది. కొన్నేళ్ల పరిశీలన తర్వాత అక్కడి విశ్వవిద్యాలయాలు ఒక కొలత తేల్చాయి. సగటున మొక్కకు 250 పేనుబంకలు ఉండి, ఎక్కువ మొక్కలకు వ్యాపించి, సంఖ్య పెరుగుతూ ఉంటేనే మందు కొట్టాలని చెప్పాయి. ఆ మాట వినక ఏటా ఒకే జాతి మందులు కొట్టిన చోట 2015 నాటికి మిన్నెసోటా, అయోవా రాష్ట్రాల్లో పైరిథ్రాయిడ్లకు లొంగని పేనుబంక బయటపడింది. ఆ పురుగు పుట్టిల్లయిన చైనాలో సహజ శత్రువులు దాన్ని చాలావరకు అదుపులో ఉంచుతాయి. మన దివిసీమలో సోయా లేదు. తెలుగు నేలపై అది ఆదిలాబాద్, నిజామాబాద్ వైపు పంట. పురుగు జాతి వేరు, పంట వేరు. అయినా మందు ఎక్కువైన చోట ఏం జరుగుతుందో అక్కడ కనిపించినట్లే ఇక్కడా కనిపిస్తుంది.

పూత, లేత పిందె దశలే పేనుబంక వల్ల అసలు నష్టం జరిగే కాలం. మొగ్గలు రాలిపోతాయి, పిందెలు వంకరపోయి గింజ పట్టవు. కాయ గట్టిపడ్డాక ఎన్ని పురుగులు కనిపించినా దిగుబడికి పెద్ద తేడా రాదు. ఆ దశలో కొట్టే మందు గింజలో అవశేషంగా మిగలడం తప్ప మరే ప్రయోజనం లేదు. మన ఇంటి ఇడ్లీ పిండి కూడా ఆ చేను నుంచే వస్తుందన్న సంగతి మరవరాదు.

విత్తన శుద్ధి ఎంతవరకు

కిలో విత్తనానికి 5 మిల్లీలీటర్ల ఇమిడాక్లోప్రిడ్ 600 ఎఫ్.ఎస్. పట్టించి నీడలో ఆరబెట్టి చల్లుకోవాలని వ్యవసాయ విశ్వవిద్యాలయం చాలాకాలంగా సిఫారసు చేస్తున్నది. వేలకు వేలు పోసి పిచికారీ చేసే వారిలో సైతం దీన్ని పాటించేవారు తక్కువ. దీని వల్ల మొలక దశలో తామర పురుగు, తెల్లదోమ, పేనుబంకల నుంచి పదిహేను, ఇరవై రోజుల వరకు రక్షణ ఉంటుంది. పల్లాకు, తలమాడు తెగుళ్లు లేత దశలో సోకితేనే పూర్తి నష్టం గనుక ఈ ఇరవై రోజులు విలువైనవి. అయితే విత్తనానికి పట్టించాం కదా అని పూత దశలో నిశ్చింతగా ఉండరాదు. అప్పటికి ఆ మందు ప్రభావం పోయి ఉంటుంది.

రైజోబియం కల్చర్ కూడా పట్టించదలచిన వారు ముందు మందు పట్టించి, ఆరాక, చల్లే ముందు మాత్రమే కల్చర్ కలుపుకోవాలి. మందు పట్టించిన విత్తనం మిగిలితే వండుకోవడానికి గాని, కోళ్లకు గాని వేయకూడదు.

ఎకరాకు ఇరవై వరకు జిగురు పూసిన పసుపు రంగు అట్టలు పైరు ఎత్తుకు కొంచెం పైన నిలబెడితే రెక్కల పేనుబంక, తెల్లదోమ అంటుకుంటాయి. వాటితో పురుగు పూర్తిగా పోదు గాని ఎప్పుడు దిగిందో తెలుస్తుంది. పాత నూనె డబ్బా రేకుకు పసుపు రంగు వేసి ఆముదం పూసినా ఆ పని జరుగుతుంది.

మందుల విషయం

పేనుబంక చేలో అక్కడక్కడే పట్టి ఉంటే, ఆ భాగంలోనే వేప నూనె లీటరు నీటికి 5 మిల్లీలీటర్లు, కొద్దిగా సబ్బుపొడి కలిపి కొడితే సరిపోవచ్చు. ఇంట్లో వేపగింజలు ఉన్నవారు 5 కిలోల పప్పు పొడిని రాత్రంతా నీళ్లలో నానబెట్టి, గుడ్డలో వడకట్టి, 100 లీటర్లకు పెంచి వాడుకోవచ్చు. వీటికి మిత్ర పురుగులు చావవు. ప్రభావం మాత్రం నెమ్మదిగా ఉంటుంది. కొట్టిన సాయంత్రమే పురుగు రాలలేదని నిరాశపడనక్కర్లేదు.

నష్ట స్థాయి దాటి, చేనంతా పాకితే అంతర్వాహిక మందులు అవసరమవుతాయి. లీటరు నీటికి ఎసిటామిప్రిడ్ 20 ఎస్.పి. 0.2 గ్రాములు, లేదా థయోమిథాక్సామ్ 25 డబ్ల్యు.జి. 0.2 గ్రాములు, లేదా డైమిథోయేట్ 30 ఇ.సి. 2 మిల్లీలీటర్లు అన్నది సిఫారసు. వీటిలో ఏదో ఒకటి చాలు. ఎసిటామిప్రిడ్, థయోమిథాక్సామ్, ఇమిడాక్లోప్రిడ్ పేర్లు వేరైనా ఒకే జాతివి. విత్తనానికి ఇమిడాక్లోప్రిడ్ పట్టించి, ముప్పయ్యో రోజున థయోమిథాక్సామ్, నలభయ్యైదో రోజున ఎసిటామిప్రిడ్ కొట్టిన రైతు మందు మార్చాననుకుంటాడు. పురుగు మాత్రం మూడుసార్లూ ఒకే మందు తిన్నది. రెండోసారి కొట్టక తప్పని పరిస్థితి వస్తే జాతి మార్చాలి. డబ్బాపై పంట పేరు, మోతాదు చదివి, గ్రామంలోని రైతు సేవా కేంద్రంలో ఒకసారి అడిగి కొనడం శ్రేయస్కరం.

ఒకప్పుడు అన్ని పురుగులకూ వాడిన మోనోక్రోటోఫాస్‌ను కూరగాయలపై వాడరాదని 2005లోనే నిషేధం విధించారు. 36 శాతం ద్రావణం అమ్మకాలకు కూడా స్వస్తి పలుకుతూ 2023లో కేంద్రం ఉత్తర్వులిచ్చింది. ఎవరి పాకలోనైనా పాత డబ్బా మిగిలి ఉంటే దాన్ని మినుముకు వాడే ఆలోచన మానుకోవాలి. సైపర్‌మెత్రిన్ వంటి పైరిథ్రాయిడ్లు పేనుబంకకు అవసరం లేదు. అవి అక్షింతల పురుగును ముందు చంపుతాయి, తెల్లదోమ పెరగడానికి వీలు కల్పిస్తాయి.

నీరు ఎక్కడిది

ఎకరాకు 200 లీటర్ల నీరు కావాలని ప్రతి కరపత్రంలోనూ ఉంటుంది. ఆ నీరు ఎక్కడి నుంచి తేవాలో ఏ కరపత్రమూ చెప్పదు. మినుముకు మందు కొట్టే వేళకు పంట కాల్వలు కట్టేసి ఉంటాయి. పులిగడ్డ అక్విడక్టు దాటి వచ్చే నీటిపై ఆధారపడిన దివిసీమ చివరి గ్రామాల్లో బోదెల్లో బురద తప్ప ఏమీ ఉండదు. నాగాయలంక, కోడూరు వైపు, బందరు తీరాన బోరు నీరు ఉప్పన. గుడివాడ వైపు చెరువు నీరు దొరికే ఊళ్లు కొంత నయం. దగ్గరలోని మురుగు కాల్వ నుంచి బిందెలతో తోడి ట్యాంకులో పోయడం మామూలైపోయింది. బురద నీటిలోని మట్టి రేణువులు కొన్ని మందులను పట్టి ఉంచి పని చేయనీయవు, ట్యాంకు నాజిల్ మూసుకుపోతుంది. తాగునీటి చెరువులోనే ట్యాంకు ముంచడం అంతకన్నా ప్రమాదం. ముందురోజే డ్రమ్ములో నీరు పోసి, తేరనిచ్చి, పైనీరు వాడుకోవడం చేయదగిన పని.

నీరు తక్కువైనప్పుడు రెండు ట్యాంకుల మందు ఒకే ట్యాంకులో పోసి ఎకరమంతా తిప్పడం మరో పొరపాటు. పేనుబంక కొమ్మ సందుల్లో, ఆకు అడుగున ఉంటుంది. తగినంత నీటితో తడవకపోతే మందు ఎంత చిక్కగా ఉన్నా తగలదు. చేనంతా కొట్టడానికి నీరు లేకపోతే పురుగు పట్టిన మడులకే సరైన మోతాదులో కొట్టడం మేలు.

వెదజల్లిన పంటలో సాళ్లు ఉండవు గనుక తైవాన్ స్ప్రేయర్‌తో తిరిగితే కాళ్ల కింద మొక్కలు విరుగుతాయి. అందుకే డ్రోన్లకు గిరాకీ పెరిగింది. తొక్కుడు ఉండదు, నీరు ఎకరాకు పది లీటర్లతో సరిపోతుంది. అయితే డ్రోన్ వచ్చిన రోజున పురుగు ఉన్న చేనూ లేని చేనూ వరుసగా కొట్టించుకోవడం కనిపిస్తున్నది. ఊళ్లో అక్షింతల పురుగుకు తలదాచుకునే చేను ఒక్కటీ మిగలడం లేదు. ఎకరాకు ఇంత అని అద్దె లెక్క గనుక డ్రోన్ వారు వద్దనరు, రైతే అనుకోవాలి.

ఎండ తగ్గాక సాయంత్రం కొట్టడం ఉత్తమం. అప్పటికి తేనెటీగలు ఇళ్లకు చేరతాయి, మంచు పడకముందే మందు ఆకుపై ఆరుతుంది. తెల్లవారుజామున మంచు తడిసిన ఆకులపై కొడితే మందు కారిపోతుంది. గాలికి ఎదురు నిలబడి, చొక్కా విప్పి, బీడీ కాలుస్తూ కొట్టే అలవాటు మన వారిలో ఇంకా పోలేదు. నిండు చేతుల చొక్కా, మూతికి గుడ్డ, చేతులకు తొడుగు అని చెబితే నవ్వుతారు. కళ్లు తిరిగి గట్టుమీద పడిపోయిన వారిని ఆటోలో ఆస్పత్రికి తరలించిన వార్తలు రాసిన చేతికి ఆ నవ్వు రుచించదు.

సంక్రాంతి నాటికి ముందుగా చల్లిన చేలు పూతకు వస్తాయి. అప్పటి నుంచి కాయ గట్టిపడే వరకు వారానికి రెండుసార్లు, ఉదయం మంచు ఆరాక, ఇరవై చోట్ల కొనలు తిప్పి చూసుకుంటే ఎకరానికి అరగంటకు మించి పట్టదు. మొదటిసారి చూసిన లెక్కను క్యాలెండరు వెనుక రాసుకుని, మూడో రోజు మళ్లీ చూసి పక్కనే రాసుకోవాలి. మందుల కొట్టుకు వెళ్లేటప్పుడు ఆ రెండు అంకెలూ వెంట తీసుకెళితే, డబ్బాలు బల్లపై పెట్టేవాడిని రైతు అడగవలసిన ప్రశ్న సిద్ధంగా ఉంటుంది.